"ఎన్ని పోయాయి?"

ఆస్పత్రి వరండాలో బల్ల మీద నా పక్కన కూర్చున్నావిడ నా పేరు అడగలేదు, జబ్బేమిటని కూడా అడగలేదు. "ఏం తమ్ముడూ, ఇప్పటికి ఎన్ని పోయాయి?" అంది.

నాకు అర్థం కాలేదు. జేబులోంచి ఏమైనా పడిపోయిందేమోనని తడుముకున్నాను. ఆవిడ నా చేతిలో ఉన్న మందుల కవరు వైపు గడ్డంతో చూపించింది. "డోసులయ్యా. ఎన్ని తప్పాయి?"

టీబీ మందులు మొదలుపెట్టి అప్పటికి నాకు పదకొండో వారం. అరగంట కిందటే లోపల నర్సు అడిగింది, "మందులు రోజూ వేసుకుంటున్నారా?" అని. తల కూడా ఎత్తలేదు, రిజిస్టర్లో రాసుకుంటూనే అడిగింది. "వేసుకుంటున్నానండీ" అన్నాను. అబద్ధం. అంతకుముందు వరసగా తొమ్మిది రోజులు వేసుకోలేదు. ఆ తొమ్మిది రోజుల మాత్రలూ రేకుల్లోంచి ఒక్కొక్కటే నొక్కి తీసి, కాగితంలో చుట్టి చెత్తలో పారేశాను. ఎవరైనా ఖాళీ రేకులు లెక్కపెడితే లెక్క సరిపోవాలి కదా! మాత్ర వేసుకోవడానికి పట్టే శ్రమ కంటే వేసుకున్నట్టు చూపించడానికి నేను పడ్డ శ్రమే ఎక్కువ.

"తొమ్మిది" అన్నాను. ఇంట్లో చెప్పని మాట, డాక్టరుకు చెప్పని మాట, ముక్కూ మొహం తెలియని ఆవిడకు ఎందుకు చెప్పానో ఆ క్షణంలో నాకే తెలియలేదు.

"నాకు పధ్నాలుగు పోయాయి" అందావిడ. ఏదో పరీక్షలో వచ్చిన మార్కులు చెప్పినంత మామూలుగా. "పద, లోపలికెళ్లి చెబుదాం. నేనూ వస్తాను."

ఇది జరిగి చాలా ఏళ్లయింది. తర్వాత నేనూ అలాంటి బల్లల మీద కూర్చుని చాలామందిని ఇదే ప్రశ్న అడిగాను. టీబీ రోగులు మందులు మధ్యలో మానేయకుండా చూడటం ఎలా అన్న చర్చ ఎక్కడ నడిచినా నాకు ఆ వరండాయే గుర్తొస్తుంది. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. టీబీ వచ్చి తగ్గినవాళ్లను రోగికి తోడుగా ఇవ్వడం వల్ల కలిగే అసలు మేలు వాళ్లు కాపలా కాస్తారని కాదు, వాళ్ల దగ్గర అబద్ధం ఆడే అవసరం ఉండదని. ఈ తేడా పట్టించుకోకుండా నడిపే తోడు కార్యక్రమాలు పేరుకే తోడు, పని మాత్రం కాపలాయే.

ఆ రెండు ప్రశ్నలూ పక్కపక్కన పెట్టి చూడండి. "మందులు రోజూ వేసుకుంటున్నారా?" అన్న ప్రశ్నకు మర్యాదైన జవాబు ఒకటే ఉంది: అవును. కాదంటే తిట్లు, లెక్చర్లు, "మీ ప్రాణం మీకే అక్కర్లేకపోతే ఎలా" అన్న మాటలు. "ఎన్ని పోయాయి?" అన్న ప్రశ్నలో మాత్రం కొన్ని పోయే ఉంటాయన్నది ముందే ఒప్పేసుకున్నారు. ఇక తేలాల్సింది అంకె ఒక్కటే. ఆ ప్రశ్న నర్సు కూడా అడగొచ్చు, అడిగే మంచి నర్సులు ఉన్నారు కూడా. కానీ "నాకు పధ్నాలుగు" అనే రెండో వాక్యం ఆమె దగ్గర ఉండదు.

ఆ అంకె అంత ముఖ్యమా అంటే, ముఖ్యమే. టీబీ క్రిములన్నీ ఒకే తీరుగా చావవు. చురుగ్గా పెరుగుతున్నవి మొదటి వారాల్లోనే చాలావరకు చస్తాయి. అందుకే రెండో నెల దాటేసరికి దగ్గు తగ్గి, జ్వరం పోయి, ఆకలి పుడుతుంది. మిగిలినవి దాదాపు నిద్రలో ఉంటాయి. చాలా మందులు పెరుగుతున్న క్రిమి మీద పనిచేసినంత బాగా నిద్రపోతున్న క్రిమి మీద పనిచేయవు. నివురుగప్పిన నిప్పు అంటారే, అచ్చం అదే. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు పెట్టింది ఆ నివురు కిందది ఆరడానికి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు, మందుకు లొంగని మొండి టీబీగానూ మారొచ్చు. ఒక్క మందుతో పని జరగదన్న సంగతి 1940ల్లోనే తెలిసింది. టీబీ మీద బాగా పనిచేసిన తొలి మందు స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు రోగులు మొదట తేరుకున్నారు, తర్వాత చాలామందిలో ఆ మందుకు లొంగని క్రిములు పెరిగాయి. అందుకే ఇప్పుడు మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి ఇస్తారు. పెద్ద పెద్ద ట్రయల్స్ సమాచారం కలిపి 2018లో చేసిన ఒక విశ్లేషణలో, పదింట ఒక వంతు డోసులు పోయినవారిలో కూడా చికిత్స విఫలమయ్యే ప్రమాదం బాగా పెరిగినట్టు తేలింది. ఆరు నెలల కోర్సులో పదో వంతు అంటే దాదాపు పద్దెనిమిది రోజులు. నావి తొమ్మిది. అంటే నాకున్న సందులో సగం అప్పటికే వాడేశాను, ఆ సంగతి ఎవరికీ తెలియకుండా.

మందు మానేసేవాళ్లంటే బాధ్యత లేనివాళ్లన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. మొన్నమొన్నటిదాకా వైద్యుల భాషలోనే అలాంటివాళ్లను "డిఫాల్టర్లు" అనేవారు, బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాళ్లను అన్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో నిర్వచనాలు మార్చినప్పుడు ఆ మాట తీసేసింది. రిజిస్టర్లలోంచి పోయింది కానీ నోళ్లలోంచి ఇంకా పోలేదు.

రోగి మాట నమ్మలేం కాబట్టి కాపలా పెట్టాలన్న ఆలోచనకు పెద్ద చరిత్రే ఉంది. 1956లో మద్రాసులో ఒక ప్రసిద్ధ అధ్యయనం మొదలైంది. కొందరు రోగులను శానిటోరియంలో, అంటే క్షయరోగులను ఉంచే ప్రత్యేక ఆస్పత్రిలో ఉంచి, కొందరిని ఇళ్లకే పంపి, ఇద్దరికీ అవే మందులిచ్చారు. ఇళ్లలో ఉన్నవాళ్లకు తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, గాలీ వెలుతురూ తక్కువ. అయినా వాళ్లకూ దాదాపు అంత బాగానూ నయమైందని, ఇంట్లో ఉంచి చికిత్స చేయడం వల్ల కుటుంబ సభ్యులకు అదనపు ముప్పు కనబడలేదని 1959లో ప్రచురించారు. శానిటోరియంల శకం ముగియడానికి అది ఒక పెద్ద కారణం. ఆ అధ్యయనంతో ముడిపడిన డాక్టర్ వాలెస్ ఫాక్స్‌కు ఇంకో సంగతి కూడా అర్థమైంది. మందు ఇంటికి పంపగానే అది నోట్లోకి వెళ్తుందో లేదో మనకు తెలియదు. ఇళ్లకు చెప్పకుండా వెళ్లడం, మాత్రలు లెక్కపెట్టడం, మూత్రం పరీక్షించడం చేసేవాళ్లు. రోగులు తమ మందులు తామే వేసుకోవడంలో ఉన్న చిక్కు మీద 1958లో ఆయన ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు. మూత్రాన్ని అడిగారు కానీ మనిషిని అడిగితే నిజం చెప్పే దారి ఏమైనా ఉందా అన్నది ఎవరికీ పెద్దగా తట్టినట్టు లేదు. ఆ కాలాన్ని ఇప్పుడు కూర్చుని తప్పుపట్టడం తేలికే అనుకోండి.

1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీబీని ప్రపంచవ్యాప్త అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. ఆ తర్వాత వచ్చిందే డాట్స్. అందులో ఐదు అంశాలుండేవి. కళ్లె పరీక్ష, నిలకడగా మందుల సరఫరా, ఫలితాల నమోదు, ప్రభుత్వాల నిబద్ధత, వీటితో పాటు ఎదురుగా కూర్చుని మింగించడం. ఆ విధానం ఎందరి ప్రాణాలో కాపాడింది, అందులో అనుమానం లేదు. కానీ జనానికి గుర్తున్నది చివరిది ఒక్కటే, "నా కళ్లముందు మింగు." దాన్ని విడిగా తీసి పరీక్షించినప్పుడు మాత్రం అది అనుకున్నంత గట్టిగా నిలబడలేదు. దక్షిణాఫ్రికాలో చేసి 1998లో ప్రచురించిన ట్రయల్‌లో, పాకిస్తాన్‌లో చేసి 2001లో ప్రచురించిన ట్రయల్‌లో, తమంతట తామే వేసుకున్నవారితో పోలిస్తే ఎదురుగా మింగించినవారికి ఆ కాపలా వల్ల అదనపు మేలు కనబడలేదు. ఇలాంటి ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన 2015 నాటి కొక్రేన్ సమీక్ష కూడా అదే తేల్చింది.

ఎందుకలా జరిగిందో రోగిగా ఉన్న నాకు తేలిగ్గానే అర్థమవుతుంది. కాపలా ఉన్నప్పుడు మాత్ర మానేయడం కంటే ఆస్పత్రికి వెళ్లడమే మానేయడం సులువు. పని పోగొట్టుకుని, రోజూ అందరి ముందూ క్యూలో నిలబడి, పిల్లాడిలా నోరు తెరిచి చూపించాల్సి వస్తే మనిషికి మందు మీద కాదు, ఆ గుమ్మం మీద విరక్తి పుడుతుంది.

దీనికి పక్కన సెనెగల్ అనుభవం పెట్టి చూడాలి. 2007లో ప్రచురించిన ఆ ట్రయల్‌లో సిబ్బంది రోగులతో మాట్లాడే తీరు మీద శ్రద్ధ పెట్టారు, చికిత్సను ఊళ్లకు దగ్గరగా తెచ్చారు, మందు వేయించే మనిషిని రోగే ఎంచుకునేలా చేశారు. అలా చేసిన చోట్ల 88 శాతం మందికి చికిత్స విజయవంతమైంది, మామూలు పద్ధతిలో 76 శాతం మందికి. అవన్నీ ఒకేసారి చేశారు కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేం. రోగి ఎంచుకున్న మనిషి టీబీ వచ్చి తగ్గినవాడే కావాలన్న నియమమూ అక్కడ లేదు. కాబట్టి ఇదిగో తోడు సిద్ధాంతానికి రుజువని నేను చంకలు గుద్దుకోను. నాకు నచ్చింది ఆ ఒక్క ముక్క: ఎంచుకోవడం రోగి చేతిలో పెట్టడం.

అసలు తోటి రోగుల సంఘం అన్నది టీబీకి కొత్త ఆలోచనేమీ కాదు. మందే లేని కాలంలో మొదలైంది. 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు, శానిటోరియంకు వెళ్లే స్తోమత లేని పేద క్షయరోగులను పోగుచేసి, ఒక చర్చి సాయంతో "క్లాసు" నడిపాడు. వారానికోసారి కూర్చునేవాళ్లు. ఎవరి పుస్తకం వాళ్లది. జ్వరం ఎంతుంది, ఎన్ని గంటలు బయటిగాలిలో విశ్రాంతి తీసుకున్నారు అన్నీ రోజూ రాసుకురావాలి. బరువు పెరిగినవాళ్లను చూసి మిగతావాళ్లకు ధైర్యం వచ్చేది. ప్రాట్ మొదట దీన్ని పాఠాలు చెప్పే క్లాసనే అనుకున్నాడు. తర్వాత గమనించాడు, ఈ మనుషుల భాష వేరు, మతం వేరు, వచ్చిన చోటు వేరు, కానీ ఒకే జబ్బు వాళ్లను ఒకచోట కట్టిపడేస్తోందని. మనసు జబ్బులకు ఇవాళ చేసే గ్రూప్ థెరపీకి మూలం ఆ క్లాసులోనే ఉందంటారు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి అప్పటికి ఇంకా నలభై ఏళ్లుంది. మందు వచ్చాక మనుషులు అక్కర్లేదనుకుని ఈ సంగతి మరిచిపోయామని నాకనిపిస్తుంది.

పూర్తిగా మరిచిపోలేదులెండి. 1990ల చివర్లో ఉత్తర ఇథియోపియా పల్లెల్లో "టీబీ క్లబ్బులు" నడిచాయి. ఒకే చుట్టుపక్కల ఉండే కొద్దిమంది రోగులు ఒక జట్టు, వాళ్లే ఎన్నుకున్న ఒక నాయకుడు. అందరికీ మందుల కోసం ఆస్పత్రికి వెళ్లే రోజు ఒకటే, కలిసే వెళ్లేవాళ్లు. మధ్యలో కూడా కలుసుకుని ఎవరెలా ఉన్నారో చూసుకునేవాళ్లు. ఎవరైనా రాకపోతే మిగతావాళ్లు ఆ ఇంటికి వెళ్లేవాళ్లు. దగ్గుతున్న ఇరుగుపొరుగును పరీక్షకు పంపేవాళ్లు కూడా వాళ్లే. గంటలకొద్దీ నడిస్తే కానీ ఆస్పత్రి రాని చోట ఒంటరిగా నడవకపోవడమే సగం వైద్యం.

తోటి రోగికి తెలిసి డాక్టరుకు తెలియనిది ఏముంటుంది అని నన్ను చాలామంది అడిగారు. వైద్యం గురించి ఏమీ ఉండదు. ఆ మందుతో బతకడం గురించి బోలెడుంటుంది.

మొదటి రోజు సంగతే చూడండి. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకున్న కొన్ని గంటలకు మూత్రం నారింజ రంగులో, ఒక్కోసారి ఎర్రగా వస్తుంది. ప్రమాదమేమీ లేదు, మందు రంగే అది. ఇది ముందే చెప్పరా అంటే చెబుతారు, పది విషయాల మధ్య ఎనిమిదోదిగా. జబ్బు పేరు వినగానే చెవులు మూసుకుపోయిన మనిషికి ఎనిమిదో మాట ఎక్కుతుందా? రక్తం పడుతోందనుకుని రెండో రోజే మానేసిన మనిషి నాకు తెలుసు. వరండాలో కలిసిన ఆవిడ, ఆ తర్వాత నాకు అక్క, అయితే ఆ రంగునే వేళాకోళం చేసేది. "ఇవాళ సూర్యోదయం అయిందా తమ్ముడూ?" అనేది. అయిందంటే మాత్ర పడిందని అర్థం. మద్రాసులో ల్యాబుతో చేసిన పరీక్షను ఆవిడ ఒక్క జోకుతో చేసేసేది, అదీ నా చేత నవ్వుతూ ఒప్పించి.

రేకు చప్పుడు ఇంకొకటి. హాస్టల్ గదిలో ముగ్గురితో కలిసి ఉండే కుర్రాడొకడు పొద్దున్నే మాత్రలు వేసుకోవడం మానేశాడు. వికారం కాదు, మతిమరుపు కాదు. అందరూ పడుకున్న వేళ ఆ రేకు నొక్కితే వచ్చే టపటప చప్పుడుకు ఒకడు లేచి "ఏంట్రా రోజూ అన్ని మాత్రలు?" అని అడిగాడు, అంతే. ఆ ప్రశ్నకు జవాబు లేక మానేశాడు. ఏ ఫారంలోనూ "రేకు చప్పుడు" అన్న గడి ఉండదు కదా. డాక్టరు అడిగితే "మర్చిపోయానండీ" అన్నాడట. దాంతో ఫోన్లో అలారం పెట్టుకోమన్నారు. ఆ గదిలో అలారం! నేను చెప్పిన ఉపాయం చాలా చిన్నది. మర్నాటి మాత్రలు రాత్రే బాత్రూంలో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో రేకులోంచి తీసి చిన్న డబ్బాలో వేసుకో అన్నాను. ఇది నేను కనిపెట్టింది కాదు, నేనూ అలాగే చేశాను.

మద్యం సంగతి ఇంకా చిక్కు. టీబీ మందులూ మద్యమూ కలిస్తే లివర్‌కు దెబ్బ అని డాక్టర్లు చెబుతారు, నిజమే. తాగేవాడికి ఆ మాట ఎలా వినబడుతుందంటే, తాగిన రోజు మాత్ర వేసుకోకూడదని. తాగుడు మానడం కంటే మాత్ర మానడం తేలిక కాబట్టి అదే చేస్తాడు. శని, ఆదివారాలు పోతాయి. వారానికి రెండు చొప్పున లెక్కేసుకోండి ఆరు నెలలకు ఎన్నో. ఆ మాట డాక్టరుతో అనడు, ఎందుకంటే అందులో రెండు తప్పులు ఒప్పుకోవాలి. తాగి, మానేసి, మళ్లీ దారిలో పడ్డ మనిషితో మాత్రం అంటాడు.

మూడో నెల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అందరూ మొదటి నెల కష్టమనుకుంటారు. మొదటి నెలలో భయం ఉంటుంది, భయమే మందు వేయిస్తుంది. మూడో నెలలో బరువు పెరుగుతుంది, బుగ్గలు నిండుతాయి, కనబడ్డ ప్రతివాళ్లూ "బాగా తేరుకున్నావే" అంటారు. ఒంట్లో ఏ బాధా లేకుండా, రోజూ వికారం పుట్టించే మాత్రలు వేసుకోవడానికి ఏ కారణమూ కనబడదు. జబ్బు ఉన్నప్పుడు మందు మనల్ని బాగుచేస్తోంది అనిపిస్తుంది. జబ్బు కనబడనప్పుడు మందే మనల్ని జబ్బు మనిషిని చేస్తోంది అనిపిస్తుంది. నా తొమ్మిది రోజులూ ఆ దశలోవే. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఏ కష్టమూ రాలేదు. బాగున్నాను కాబట్టి మానేశాను.

ఇంతవరకు చదివి తోడు అంటే సర్వరోగ నివారిణి అని రాస్తున్నాడనుకుంటారేమో. నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒకావిడకు నేను తోడుగా ఉండేవాణ్ని. రెండో వారంలో ఫోన్ చేసి "కడుపులో తిప్పుతోంది అన్నయ్యా, ఏమీ తినబుద్ధి కావట్లేదు" అంది. "నాకూ అలాగే అయిందమ్మా, పది రోజుల్లో సర్దుకుంటుంది" అన్నాను. ఎంతో ఆప్యాయంగా, ఎంతో నమ్మకంగా అన్నాను. నాలుగు రోజుల తర్వాత వాళ్లాయన ఫోన్ చేశాడు, కళ్లు పచ్చగా ఉన్నాయని. మందుల వల్ల లివర్ దెబ్బతింది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడింటికీ ఆ గుణం ఉంది. మామూలుగా అయితే మూత్రం రంగు మారడం కామెర్లకు తొలి గుర్తుల్లో ఒకటి. కానీ మందు రంగుకు అలవాటుపడ్డ మనిషి దాన్ని పట్టించుకోదు కదా! నా సూర్యోదయం జోకు ఆవిడకు నేనే చెప్పాను. వెంటనే మందులు ఆపి, ఆస్పత్రిలో ఉంచి, లివర్ కుదుటపడ్డాక ఒక్కో మందూ మళ్లీ మొదలుపెట్టారు. కోలుకుంది. నేను మాత్రం చాలాకాలం ఎవరికీ "నాకూ అలాగే అయింది" అని చెప్పలేకపోయాను.

తోటి రోగి బలమూ ప్రమాదమూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. నాకు జరిగింది కాబట్టి నాకు తెలుసు అనుకుంటాం. నాకు తెలిసింది నా ఒంట్లో జరిగిందే. అందుకే ఈ పనికి వచ్చేవాళ్లకు ముందు నేర్పాల్సింది ధైర్యం చెప్పడం కాదు, ఎప్పుడు నోరు మూసుకుని బండెక్కించాలో. ఆగకుండా వాంతులు, కళ్లు పచ్చబడటం, ఒంటినిండా దద్దుర్లు, చూపు మసకబారడం, రంగులు సరిగా తెలియకపోవడం. చూపు మీద దెబ్బ ఎథాంబుటాల్ అనే టీబీ మందు వల్ల రావచ్చు. ఇవి వింటే ఓదార్పు మాటలు ఉండకూడదు. డోసులు తప్పినప్పుడు కోర్సు కొనసాగించాలా, మళ్లీ మొదటికి రావాలా అన్నది కూడా మనం చెప్పేది కాదు. తప్పినవాటికి పరిహారంగా రెండేసి మింగమని సలహా ఇచ్చిన తోడును కూడా చూశాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మన పని. ఏం అడగాలో ముందే చెప్పి తీసుకెళ్లడం ఇంకా మంచి పని.

ఇలాంటి తప్పులు జరగకుండా ఉండాలంటే తోడును వ్యవస్థలోకి తెచ్చి, శిక్షణ ఇచ్చి, పర్యవేక్షించాలని అధికారులు అంటారు. శిక్షణ వరకు నేనూ అదే అంటాను. చిక్కు అక్కడినుంచి మొదలవుతుంది. శిక్షణతో పాటు ఒక గుర్తింపు కార్డు వస్తుంది. దాంతో ఒక ఫారం వస్తుంది. ఎవరెన్ని డోసులు వేసుకున్నారో వారం వారం నింపి పంపాలి. తర్వాత టార్గెట్ వస్తుంది. రిజిస్టరు చేతికి రాగానే అక్క కాస్తా మేడమ్ అయిపోతుంది. తన రోగుల్లో ఎవరు మానేసినా తన లెక్క పాడవుతుంది కాబట్టి "ఎన్ని పోయాయి?" అనే ప్రశ్న ఆవిడ నోట్లోనే "వేసుకుంటున్నావు కదా?" అయిపోతుంది. "కదా" అన్న ఆ ఒక్క మాటతో రోగికి జవాబు అందించేసినట్టే.

నా మాట ఇది: తోడుగా ఉండే మనిషి చేత రోగి డోసుల లెక్క రాయించకూడదు. ఎన్ని పోయాయో డాక్టరుకు చెప్పాల్సింది రోగే, పక్కన తోడు ఉంటే చాలు. లెక్క కావాలంటే దానికి వేరే దారులున్నాయి. ఫోన్లో వీడియో తీసి పంపే పద్ధతి, రోజూ ఎదురుగా మింగించడం కంటే మెరుగ్గా పనిచేసిందని ఇంగ్లండులో చేసిన ట్రయల్ 2019లో చూపించింది. దానికి నేను వ్యతిరేకిని కాదు. గుమ్మం తొక్కించకుండా, నీకు వీలైన వేళలో, నీ గదిలో. నా హాస్టల్ కుర్రాడికి ఆ గదే లేదనుకోండి, అది వేరే సంగతి. లెక్క ఫోను చూసుకోనీ, మనిషిని మనిషి చూసుకోనీ. ఈ రెండు పనులూ ఒకే మనిషి మీద పెట్టొద్దంటున్నాను, అంతే.

డబ్బు సంగతి కూడా తేల్చాలి. ఈ పని చేసేవాళ్లు చాలామంది సేవగా చేస్తారు, వాళ్ల మంచితనం మీదే కార్యక్రమాలు నడుస్తుంటాయి. టీబీ ఎక్కువగా పేదవాళ్లకొచ్చే జబ్బు. నెలల తరబడి సంపాదన పోయి ఇప్పుడిప్పుడే లేస్తున్న మనిషిని, "మీ అనుభవం ఎంతో విలువైనది" అని పొగిడి, ఆ విలువైనదాన్ని ఉచితంగా ఇవ్వమనడం నాకు నచ్చదు. దారిఖర్చులు, పోగొట్టుకున్న పనిగంటలకు డబ్బు ఇవ్వాలి. ఎంతమంది కోర్సు పూర్తిచేశారు అన్నదానికి మాత్రం డబ్బు ముడిపెట్టకూడదు. పెడితే మళ్లీ రిజిస్టరు దగ్గరికే వస్తాం.

గుట్టు విషయం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నాకు టీబీ వచ్చిందని నలుగురికీ తెలుసు, నేను దాచుకోలేదు. దాంతో నేను ఎవరి గుమ్మం ఎక్కితే వాళ్లకూ అదేనని చూసేవాళ్లకు అర్థమైపోతుంది. "మీరు మా ఇంటికి రావద్దండీ, దయచేసి" అని ఒకరు చేతులు పట్టుకుని అడిగారు. అప్పటినుంచి ఎక్కడ కలుద్దామో వాళ్లనే అడుగుతున్నాను. గుంపుగా కూర్చునేటప్పుడు కూడా జాగ్రత్త ఉండాలి. టీబీ కంచాల వల్లా గ్లాసుల వల్లా రాదు, గాలి వల్ల వస్తుంది. మందు మొదలుపెట్టి కొద్దిరోజులే అయినవాళ్లు, మొండి టీబీ ఉన్నవాళ్లు మూసిన గదిలో అందరితో కూర్చోకూడదు. ఆరుబయట, మాస్కులతో, ఎడంగా కూర్చోవచ్చు. ప్రాట్ తన రోగులకు చెప్పిన బయటిగాలి జబ్బును నయం చేయలేదు కానీ, సమావేశానికి మాత్రం ఇప్పటికీ అదే సరైన చోటు.

ఇక తోడుతో కాని పనులు కొన్ని ఉన్నాయి. మందులే స్టాకు లేనప్పుడు "నాకూ అలాగే అయింది" అంటే కడుపు మండుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో కోటీ 8 లక్షల మందికి కొత్తగా టీబీ వచ్చింది, 12 లక్షల 50 వేల మంది చనిపోయారు. వాళ్లలో ఎంతోమందికి జబ్బు ఉందని బతికుండగా ఎవరూ చెప్పనే లేదు. మందు మొదలుపెట్టని మనిషికి మందు మానొద్దని ఎవరు చెబుతారు?

మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. హాస్టల్ కుర్రాడు. ఒకే ఒక్క మాట: "మూడు."

ఫోన్ చేశాను. పరీక్షలట, టెన్షన్‌లో నిద్ర లేదట, మాత్ర పడితే తల తిరుగుతుందని భయపడి మానేశాడట. అతనిది నాలుగో నెల. మూడు రోజులంటే పెద్ద విరామం కాదని నాకు తెలుసు, ఆ మాట నేను అనకూడదని కూడా తెలుసు.

"పొద్దున తొమ్మిదికి ఆస్పత్రి గేటు దగ్గరుంటాను" అన్నాను.

"లోపల తిడతారా అన్నా?"

"తిడితే ఇద్దర్నీ తిడతారు" అన్నాను.